వేలి కొన మీద కొలత

ఈ ఆదివారం మా వెనక లైన్ క్వార్టర్‌లో ఒక బీరువా తలుపు మీద నా వ్యాసం కనబడింది. పేపర్లోంచి అంచులు చెదరకుండా కత్తిరించి, నాలుగు మూలలా టేపు వేసి అంటించారు. రెండేళ్ల కిందట ఈ కాలమ్‌లోనే, మందుల షాపుల్లో అడిగినవాళ్లకల్లా చేతిలో పెట్టే చర్మం ట్యూబుల మీద రాసింది. రాసిన మాటను ఎవరైనా ఇంట్లో దాచుకుంటే కడుపు నిండాలి. కానీ ఆ బీరువా ముందు చాప మీద పదకొండు నెలల పిల్లవాడు తల్లి భుజానికి చెంప ఆనించి రుద్దుకుంటున్నాడు, బర్రె చెట్టుకు రాసుకున్నట్టు. చెంపలు ఎర్రగా చిట్లి, తడి కారి, కారినచోట పెచ్చు కట్టాయి. మోచేతులు, మోకాళ్లు కూడా అంతే. లంగోటి కట్టేచోట మాత్రం చర్మం నున్నగా ఉంది, పసిపిల్లల ఒళ్లు ఎట్లా ఉండాలో అట్లా.

కిటికీ గూట్లో సీలు తియ్యని చిన్న ట్యూబు. దాని కింద మడిచిన దవాఖాన చీటీ.

"డాక్టరమ్మ రాసిచ్చి ఇరువై రోజులైతాంది పెద్దమ్మా. పూయబుద్ధి కాలె. అండ్ల స్టెరాయిడ్ ఉన్నదట. గవి పూస్తే తోలు పల్సవడ్తదని మీరే రాసిండ్రు గద," అన్నది ఆ అమ్మాయి. ఇరవై మూడేళ్లుంటాయేమో. కళ్లు లోపలికి పోయాయి. భర్త ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి మోసే ఓబీ లారీ నడుపుతాడు. నైట్ షిఫ్ట్ వారం వస్తే రాత్రంతా పిల్లవాడి చేతులు పట్టుకుని కూర్చునేది ఆమె, పగలు కాసేపు ఎత్తుకునేది అత్త.

ఆ వ్యాసంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, గట్టి స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులు మన బజార్లలో ఎట్లా అమ్ముడుపోతున్నాయో రాశాను. తామరకు అది పూస్తే నాలుగు రోజులు దురద ఆగుతుంది, మచ్చ తగ్గినట్టు కనిపిస్తుంది, ఫంగస్ మాత్రం చల్లగా పక్కకు పాకుతుంది. తెల్లబడతామని ముఖానికి నెలల తరబడి పూసుకున్న ఆడపిల్లల సంగతి రాశాను: ఎండలోకి వస్తే మంట, చెంపల మీద ఎర్రటి నరాలు, గడ్డం కింద వెంట్రుకలు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చాలా రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలోకి తెచ్చిందనీ, ఆ నియమం మన బజారు మూల మీద ఎట్లా ఆగిపోయిందనీ రాశాను. రాయనిది ఒక్కటే. చూసి, పేరు పెట్టి, డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌ను పూయకపోతే ఏమవుతుందో రాయలేదు. ఆ అమ్మాయి నా మాట నమ్మింది. ఆ నమ్మకానికి ఇరవై రాత్రులు ఆ పిల్లవాడు నిద్ర లేకుండా ఉన్నాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదలలు తెలుసు. అందులో ఒకటి పేర్ల సంగతి. మన దగ్గర ఒంటి మీద దురద లేస్తే గజ్జి, లేకపోతే తామర; మూడో మాట లేదు. గజ్జి అంటే చర్మంలో తొలుచుకునే పురుగు, ఒకరికొస్తే ఇల్లంతా గోక్కుంటుంది. తామర ఫంగస్, అదీ అంటుకుంటుంది. ఈ పిల్లవాడిది రెండూ కాదు. ఎగ్జిమా అంటున్నాం, వేరే మాట లేక. అది గ్రీకు మాట, ఉడికి పైకి పొంగడమని అర్థం. ఇది ఎవరికీ అంటుకోదు. అయినా కాలనీలో ఈ పిల్లవాడిని ఎవరూ ఎత్తుకోవడం లేదు. మొన్న ఒక పుట్టినరోజు కాడ కేకు ముక్క ఇచ్చి బయట వరండాలోనే కూర్చోబెట్టారట. పేరు తప్పు పడితే మందు తప్పుతుంది, మనుషులూ తప్పుకుంటారు.

రెండో పట్టుదల దుమ్ము. ఆ ఇంట్లోంచి బయటికొస్తూ నిజం చెప్పాలంటే ఈ వారం కాలమ్ మనసులో అప్పుడే రాసేసుకున్నాను. కిటికీ చువ్వల మీద వేలితో గీస్తే నల్లటి చార పడింది. ఓపెన్‌కాస్టులు ఊరికి ఆనుకుని వచ్చాక మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు గిన్నెలు అదరడం, ఆరేసిన బట్టలు రెండోసారి ఉతకడం మీకు నేను చెప్పక్కరలేదు. పసివాడి చెంపల నేరం కూడా ఆ ఖాతాలోనే వేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాక తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు పుట్టేనాటికి మాకు ఓపెన్‌కాస్టు అనే మాటే తెలియదు.

తమ్ముడు 1973లో పుట్టాడు. నాకప్పుడు పదకొండేళ్లు. నాయిన మంథని దిక్కు పల్లె నుంచి వచ్చి బొగ్గుబాయిలో కోల్ ఫిల్లర్‌గా చేరిన మనిషి. మూడో నెలలో తమ్ముడి చెంపల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. "తల్లిపాలు పడ్తలెవ్వు" అన్నది నాయనమ్మ. ఆ మాట పడ్డ రోజే మా అమ్మ కంచంలోంచి వంకాయ పోయింది; అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. తర్వాత గోంగూర, చేప, గుడ్డు, కందిపప్పు ఒక్కొక్కటే పోయాయి. చివరికి అన్నం, వెల్లుల్లి కారం మిగిలాయి. గాజులు మోచేతి దాకా జారేవి. పిల్లవాడికి మాత్రం తగ్గలేదు. తగ్గకపోవడమూ ఆమె మీదికే వచ్చింది, చాటుగా ఏదో తింటున్నదని.

మా అవ్వ కాగు, సున్నిపిండి, ఊదు పొగ మీద నేను రాసిన వ్యాసాన్ని కొందరు ఇప్పటికీ గుర్తు చేస్తారు. బొగ్గుల పొయ్యి మీద కాగు మరిగేది. పీట మీద కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, పొగలు కక్కే నీళ్లు పోసి, ఊదు పట్టి, పొత్తిళ్లలో చుడితే పిల్ల ఆరు గంటలు నిద్రపోయేది. నేను అట్లాగే పెరిగాను. ఆ స్నానం మీద నాకున్న ప్రేమ ఇంకా అంతే ఉంది. కానీ తమ్ముడికి ఆ స్నానమే శిక్ష అయ్యింది. వేడి నీళ్లు చర్మం మీది కొద్దిపాటి జిడ్డును ఊడ్చుకుపోయేవి. పిండి పగుళ్లను ఇసుక కాగితంలా గీరేది. పొగ కళ్లూ ఒళ్లూ మండించేది. వాడు ఏడ్చినకొద్దీ మురికి ఇంకా పోలేదనుకుని అవ్వ ఇంకా గట్టిగా రుద్దేది. పల్లినూనె కూడా పట్టించింది. పగిలిన చర్మానికి పల్లినూనె కలిసిన పూతలు రాసిన పిల్లల్లో తర్వాత పల్లీల అలర్జీ ఎక్కువ కనిపించిందని 2003లో ఇంగ్లండ్ డాక్టర్లు ప్రకటించారు. నోటి ద్వారా తింటే ఒంటపట్టేది, పగిలిన తోలు గుండా పోతే ఒళ్లు శత్రువనుకుంటుందట. అవ్వకు ఆ సంగతి చెప్పేవాళ్లు అప్పుడు ప్రపంచంలోనే లేరు.

దురద రాత్రిపూట ఎక్కువ. నాయిన సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి వచ్చేవాడు. బాయి కాడ కార్మికులు స్నానం చేసి ఇంటికి పోయే ఏర్పాటు ఉండాలని 1959 నాటి పిట్‌హెడ్ బాత్ నియమాలు చెప్పేవి. ఎంత కడిగినా కనురెప్పల అంచున బొగ్గు మిగిలి కాటుక పెట్టినట్టుండేది. బువ్వ తినకముందే అవ్వ చేతిలోంచి పిల్లవాడిని తీసుకుని వాకిట్లో మంచం మీద పడుకునేవాడు. ఆయన అరచేతులు పారకర్రకు కాయలు కాసి గరుకుగా ఉండేవి. తమ్ముడికి ఆ గరుకే కావాలి. వీపును ఆ అరచేతికేసి రుద్దుకుని, రుద్దుకుని, హాయిగా మూలిగి నిద్రపోయేవాడు. తెల్లారి చూస్తే నాయిన బనీను మీద నెత్తురు చుక్కలు. ఒకరోజు ఆ బనీను చూసి నాయిన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి అరచేయి తగలనియ్యలేదు. చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపు మెత్తగా ఉండేచోటుతో మెల్లగా నిమిరేవాడు. తమ్ముడు అరచేయి కోసం ఏడ్చేవాడు, ఆయన ఇచ్చేవాడు కాదు. ఆ ఎండాకాలం నాయినకు పడ్డ నాగాలు చాలా. జీతం రోజు అవ్వ లెక్క చూసి ఒక్క మాటా అనలేదు.

డిస్పెన్సరీలో ఒక నల్లటి మలాము ఇచ్చారు. ఘాటైన వాసన. చొక్కాలకు అంటితే పోదు. నాయిన వేలితో తీసి వాసన చూసి "ఇది బొగ్గే" అన్నాడు. మేం నమ్మలేదు. ఆయన చెప్పింది నిజమే. బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే కారే తారును చర్మ వైద్యులు వంద ఏళ్లకు పైగా దురదకు వాడుతూ వచ్చారు. గోదావరి దాటితే నస్పూర్ కాడ సీసీసీ అని పిలుస్తాం కదా, కోల్ కెమికల్ కాంప్లెక్స్, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు తమ్ముడి ఒంటి వాసన వస్తుంది. నల్ల మలాము కొంత ఆదుకున్నది. అప్పటికే అంతకన్నా మంచి మందు ఉంది. హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూస్తే ఎగ్జిమా అణుగుతుందని 1952లోనే సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికా వైద్యులు చూపించారు. తమ్ముడు పుట్టేనాటికి దానికి ఇరవై ఒక్క ఏళ్లు. మా ఇంటిదాకా రాలేదు. ఇప్పుడు అది వెనక లైన్ ఇంటి కిటికీ గూట్లోకి వచ్చి కూర్చుంది, అడ్డం నేను నిలబడ్డాను.

అవ్వ తిన్న వంకాయ తప్పు లేదని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2006లో స్కాట్లాండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు, ఐర్లాండ్ వైద్యులు కలిసి ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ సంగతి బయటపెట్టారు. చర్మం పైపొర గోడ అయితే ఇది ఆ గోడను గట్టిగా పట్టి ఉంచే సున్నం లాంటిది. దాని జన్యువు చెడితే లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, క్రిమి లోపలికి వస్తాయి. ఎగ్జిమా పిల్లలందరికీ ఆ జన్యువే చెడి ఉండదు, కానీ అందరిలోనూ ఆ గోడ బలహీనమే. ఆ జన్యువు చెడ్డవాళ్లకు అరచేతుల్లో గీతలు లెక్కకు మించి ఉంటాయనీ, పిక్కల మీద చర్మం చేప పొలుసులా ఉంటుందనీ చదివినప్పుడు పుస్తకం మూసేశాను. నాయిన అరచేతులు, ఆయన పిక్కలు కళ్ల ముందుకొచ్చాయి. బాయి పని వల్ల అట్లా అయ్యాయని అందరం అనుకున్నాం. ఆయనా అదే అనుకున్నాడు. ఆ ఏడాదంతా అవ్వ తిన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకోవాలి? నాయనమ్మ పోయింది, అవ్వ పోయింది.

అందుకే దుమ్ము మీద రాద్దామనుకున్న కాలమ్ ఆపేశాను. దుమ్ము, ఉక్క, చెమట ఈ చర్మాన్ని రేపుతాయి. రామగుండం మే నెల ఎండ నలభై అయిదు దాటిన రోజు ఏ పసివాడి మోచేతి మడతను చూసినా తెలుస్తుంది. కానీ ఆ జన్యువు లోపం దొరికింది మన ఓపెన్‌కాస్టు దుమ్ము ముఖం చూడని ఐర్లాండ్ పిల్లల్లో. ఓపెన్‌కాస్టు దుమ్ముతో నా పోరు అట్లాగే ఉంటుంది, ఈ బిడ్డను అందులో సాక్షిగా పెట్టను. దుమ్మే కారణమంటే తల్లిదండ్రుల చేతిలో ఏమీ లేనట్టవుతుంది. ఉంది.

సోమవారం పొద్దున్నే తల్లీబిడ్డలతో పాటు అత్తను కూడా తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాం. అత్తను కావాలనే తీసుకుపోయాను, మందు ఏదైనా ఆ ఇంట్లో ఆమె ఒప్పుకోనిదే మూత తెరుచుకోదు. ట్యూబు పూయలేదని తెలిసి డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ అమ్మాయి చూపుడు వేలు ముందుకు చాపించి, చివరి గీత నుంచి కొన దాకా మందును ఒక తాడులా పరిచింది. "ఇది అర గ్రాము. వేళ్లతో సహా నీ అరచేతులు రెండూ పరిస్తే ఎంత చర్మమో అంత చర్మానికి ఇది సరిపోతుందమ్మా. తక్కువ వద్దు, ఎక్కువ వద్దు." ఈ కొలతను బ్రిటన్ చర్మ వైద్యులు లాంగ్, ఫిన్లే 1991లో ఖాయం చేశారు. ఈ వయసు పిల్లవాడికి ముఖానికీ మెడకూ, ఒక్కో చేతికీ, ఒక్కో కాలుకూ ఎన్ని వేలి కొనలో డాక్టరమ్మ విడివిడిగా చెప్పింది, అదీ ఎర్రబడి ఉన్నచోటే. డాక్టరమ్మ రాసిచ్చింది తక్కువ ఘాటు మందు. ఎర్రదనం పోయేదాకా రోజూ, తర్వాత చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. నా వ్యాసంలో తిట్టిన గట్టి మందు వేరు, ఇది వేరు. రెండింటికీ స్టెరాయిడ్ అనే ఒక్క పేరు ఉండడం, ఆ ఒక్క పేరుతోనే నేను భయపెట్టడం, పేర్ల మీద అంత పట్టుదల ఉన్న నాకు అప్పుడు తట్టలేదు. భయపడి ఆవగింజంత పూసి మానేస్తే మంట ఆరదు, ఆరని మంటకు నెలలకొద్దీ పూయాల్సి వస్తుంది. పలచబడుతుందని భయపడ్డ చర్మాన్ని ఈ ఇరవై రోజులూ పిల్లవాడి గోళ్లే చీల్చాయి.

మందుకన్నా ఎక్కువ పని తేమ పూతది. రోజుకు రెండు మూడు సార్లు, ఒళ్లంతా. బ్రిటన్ మార్గదర్శకాల్లో పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములని ఉంటుంది. మన ఇళ్లలో ముప్పై గ్రాముల ట్యూబును నెలంతా పొదుపు చేస్తాం. ఖరీదైనది కొనాలనే లేదు. లోషను, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగింటినీ 550 మంది పిల్లల్లో పోల్చి 2022లో ఇంగ్లండ్ వాళ్లు ఫలితం చెప్పారు: నాలుగూ ఒకే తీరు పనిచేశాయి. తెల్లటి పెట్రోలియం జెల్లీ డబ్బా చాలు. అదీ పనివాళ్ల మందే. 1859లో పెన్సిల్వేనియా నూనె బావుల దగ్గర డ్రిల్లింగ్ కడ్డీలకు పేరుకునే జిడ్డును అక్కడి కూలీలు కాలిన చోట, కోసుకున్న చోట రాసుకుంటుంటే చూసి, చెస్‌బ్రో అనే కుర్ర కెమిస్టు దాన్ని శుద్ధి చేశాడు. మన ఎండలకు మాత్రం పగలు ఆ జిడ్డు వద్దు, చెమట లోపల ఇంకి పొక్కులు లేస్తాయి. పగలు పలుచటి క్రీము, రాత్రికి జెల్లీ.

అత్తకు కష్టమైంది స్నానం దగ్గర. "గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాలు మించొద్దు, రుద్దొద్దు, సున్నిపిండి వద్దు, ఊదు వద్దు" అని డాక్టరమ్మ ఒక్కొక్కటి చెబుతుంటే ఆమె మొహం చిన్నబోయింది. నాకూ లోపల ఏదో కలుక్కుమంది. తుడిచేటప్పుడు గుడ్డతో అద్ది, ఒళ్లు ఇంకా తేమగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు పూత పడాలి. ఆ మాట వినగానే అత్త తల ఎత్తింది. "పూసుడు నేనే జేస్త," అన్నది. ఇంట్లో అంతకన్నా నేర్పు ఉన్న చేతులు లేవు మరి. ఇంటికొచ్చాక కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పిల్లవాడిని ఒడిలో వేసుకుని, పైనుంచి కిందికి, వెంట్రుకలు మొలిచే దిక్కున పూసింది. పాత స్నానంలో పోయినవి వేడి, రాపిడి, పొగ. చేతులు పోలేదు.

దవాఖానలోనే తల్లి తిండి గురించి కూడా అత్త అడిగింది, ఏమేం మాన్పించాలని. ఏదీ మాన్పించొద్దన్నది డాక్టరమ్మ. పిల్లవాడు ఏదైనా తిన్న గంటలో దద్దులు లేస్తే, వాంతి చేసుకుంటే వచ్చి చెప్పాలి గాని, అనుమానం మీద కంచం ఖాళీ చెయ్యొద్దు. అది విని నేను బయటికొచ్చి కాసేపు వేపచెట్టు కింద నిలబడ్డాను.

ఇంకొకటి చెప్పింది, మీరు కూడా గుర్తుంచుకోండి. తడి మీద పసుపుపచ్చ పెచ్చులు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, గుండ్రటి చిన్న చిన్న పుండ్లు గుంపుగా లేచినా, ఇంట్లో ఏ పూతా వద్దు, అదే రోజు దవాఖానకు రావాలి.

తమ్ముడి సంగతి అడుగుతారని తెలుసు. బడికి పోయే వయసుకు చెంపలు నున్నబడ్డాయి, మోచేతి, మోకాలి మడతల్లో మిగిలింది. పదేళ్లకు అదీ చాలావరకు పోయింది, బదులుగా ముసురు పట్టినప్పుడు ఛాతీలో పిల్లికూతలు వచ్చాయి. ఇప్పటికీ జేబులో ఇన్హేలర్ ఉంటుంది. మంగళవారం రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెబితే వాడు ఒక్కటే అడిగాడు: "ఆ పిలగాడు రాత్రి ఎవలకాడ పంటడు?"

శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి పిట్టగోడ మీది నుంచి పిలిచింది. రాత్రి రెండుసార్లే లేచాడట. చెంపల మీద పెచ్చులు రాలి, కింద లేత చర్మం కనిపిస్తున్నది. బీరువా తలుపు మీది నా వ్యాసాన్ని మేమిద్దరం కలిసి గోటితో మెల్లగా ఊడదీశాం. వెనక ఏదో ట్రాక్టర్ల ప్రకటన, చుట్టూ తెల్లటి జాగా. అక్కడ ఆమె పెన్నుతో రాసుకుంది: స్నానం ఎప్పుడు, ట్యూబు ఎక్కడెక్కడ ఎన్ని వేలి కొనలు, జెల్లీ ఎప్పుడు, గోళ్లు ఏ వారం తియ్యాలి. ఫస్ట్ షిఫ్ట్ వారాల్లో రాత్రి పూత భర్తది. ఆ వైపు బయటికి పెట్టి మళ్లీ అంటించింది.

అప్పుడే ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. కాళ్లు చేతులు కడుక్కుని, పిల్లవాడి పక్కన గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ నాకు చూపించాడు. స్టీరింగ్‌కు కాయలు కాసి ఉన్నాయి. "గరుకున్నయి పెద్దమ్మా. పోరనికి గీరుకుంటదేమో," అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి, వేళ్ల వెనక వైపు మీద కొంచెం జెల్లీ పెట్టాను.